భిలాయి ఆల్బమ్‌లు: ఫొటో వెనుక పేరు రాయవలసిన సమయం ఇదే

1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆనాడు ఇరవై ఏళ్ల వయసులో కొలువులో చేరిన యువకుడు నేడు ఎనభై ఐదు దాటిన వృద్ధుడు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి విజయనగరం – రాయ్‌పూర్ రైలు మార్గం మీదుగా వచ్చి ఈ ఉక్కు పట్టణంలో కాపురాలు పెట్టిన తొలి తరం తెలుగువారు ఇప్పుడు జీవితపు చివరి మజిలీలో ఉన్నారు. వారిలో కొందరిని డిమెన్షియా పట్టి పీడిస్తోంది. పిల్లల పేర్లు తడబడుతున్నాయి. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లాలంటూ లేచి కూర్చునేవారు కొందరైతే, సొంత ఇంట్లోనే ఉండి ఇంటికి వెళ్తానని పట్టుబట్టేవారు మరికొందరు.

అటువంటి వేళ కుటుంబాలకు గుర్తుకు వచ్చేది బీరువాలోని పాత ఆల్బమ్, అటక మీది పెళ్లి వీడియో క్యాసెట్. ఇప్పుడు వాటికి మొబైల్ ఫోన్ కూడా తోడైంది. ఫొటోలు, కుటుంబ వీడియోలు చూపిస్తే పెద్దలకు ఊరట కలుగుతుందన్న నమ్మకం ప్రపంచమంతటా ఉంది. వైద్యశాస్త్రం కూడా ఈ నమ్మకాన్ని పరీక్షించి చూసింది. అందులో తేలిన సారాంశం ఇది. ఫొటో దానంతట అది మందు కాదు. ఆ ఫొటో కథ తెలిసిన మనిషి పక్కన కూర్చుని, పెద్దవారి భాషలో మాట్లాడినప్పుడే అది పనిచేస్తుంది. భిలాయిలో ఆ కథలు తెలిసినవారు ఒక్కొక్కరుగా తరలిపోతున్నారు. ఈ విషయాన్ని వెంటనే పట్టించుకోవలసిన అవసరం అందుకే ఏర్పడింది.

సమస్య ఎంత పెద్దది?

డిమెన్షియా అనేది ఒకే వ్యాధి పేరు కాదు. జ్ఞాపకశక్తి, ఆలోచన, భాష, రోజువారీ పనులు చేసుకునే సామర్థ్యం క్రమంగా దెబ్బతినే స్థితికి అది ఉమ్మడి పేరు. మొత్తం కేసులలో 60 నుంచి 70 శాతం వరకు అల్జీమర్స్ వ్యాధి కారణంగా వచ్చేవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021 నాటికి ప్రపంచంలో 5 కోట్ల 70 లక్షల మంది దీనితో జీవిస్తున్నారు. ఏటా దాదాపు కోటి మంది కొత్తగా దీని బారిన పడుతున్నారు.

భారతదేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్లు 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. 2036 నాటికి ఈ సంఖ్య కోటి 69 లక్షలకు చేరవచ్చని ఆ పరిశోధకులే పేర్కొన్నారు. పురుషులలో కంటే మహిళలలో, పట్టణాలలో కంటే గ్రామాలలో ఇది ఎక్కువగా కనిపించింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వృద్ధాప్యంలో కనిపించే ప్రతి మతిమరుపూ డిమెన్షియా కాదు. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ సమస్య, మానసిక కుంగుబాటు, కొన్ని రకాల మందులు, ఇన్ఫెక్షన్లు సైతం అటువంటి లక్షణాలనే చూపగలవు. వీటిలో చాలావరకు చికిత్సకు లొంగుతాయి. అందువల్ల ఆల్బమ్ తెరవడానికి ముందు వైద్యుని సంప్రదించడం మొదటి మెట్టు. భిలాయివాసులకు సెక్టర్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి, కొంత దూరంలో రాయ్‌పూర్ ఎయిమ్స్ అందుబాటులో ఉన్నాయి.

పాత జ్ఞాపకాలు ఎందుకు నిలుస్తాయి?

ఉదయం తిన్న ఇడ్లీ గుర్తులేని పెద్దాయన యాభై ఏళ్ల కిందటి తోటి కార్మికుని పేరు ఠక్కున చెప్పడం చూసి ఇంటివారు ఆశ్చర్యపోతారు. కొందరైతే కావాలనే మరిచిపోయినట్లు నటిస్తున్నారని అపార్థం చేసుకుంటారు. కొత్త జ్ఞాపకాలు ముందు చెదిరిపోతాయని, పాతవి ఎక్కువ కాలం నిలుస్తాయని ఫ్రెంచ్ మనస్తత్వవేత్త థియోడ్యూల్ రిబో 1881లోనే ప్రతిపాదించారు. మనిషి తన జీవితంలో అత్యధికంగా గుర్తుంచుకునేది సుమారు పది నుంచి ముప్పై ఏళ్ల వయసు మధ్య జరిగిన సంగతులనేనని తరువాతి పరిశోధనలు చూపాయి.

దీనిని భిలాయికి అన్వయించి చూద్దాం. 1940 ప్రాంతంలో పుట్టినవారికి ఆ వయసు 1950 నుంచి 1970 వరకు నడిచింది. చిన్నతనం ఉత్తరాంధ్ర పల్లెలో, యవ్వనం భిలాయి క్వార్టర్‌లో గడిచాయి. మొదటి జీతం, పెళ్లి, తొలి సంతానం, సోవియట్ నిపుణులతో కలిసి పనిచేసిన రోజులు, పిల్లలను మైత్రీ బాగ్‌కు తీసుకువెళ్లిన ఆదివారాలు అన్నీ ఆ కాలానికో, దాని అంచుకో చెందినవే. ఈ తరం మనసులో గట్టిగా నిలిచిన జ్ఞాపకాలకూ ఉక్కు పట్టణం తొలినాళ్లకూ కాలం ఒక్కటే. కాబట్టి నిన్నటి మనవడి పుట్టినరోజు ఫొటో కంటే 1965 నాటి నలుపు తెలుపు ఫొటో వారితో ఎక్కువగా మాట్లాడవచ్చు.

వృద్ధులు గతాన్ని తలచుకోవడాన్ని వైద్యులు ఒకప్పుడు మానసిక క్షీణతకు గుర్తుగా భావించేవారు. అమెరికాకు చెందిన మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లో ప్రచురించిన వ్యాసం ఆ దృష్టిని మార్చింది. జీవితాన్ని తిరిగి నెమరువేసుకోవడం వృద్ధాప్యంలో సహజమైన, అవసరమైన ప్రక్రియ అని ఆయన వాదించారు. ఫొటోలు, పాటలు, పాత వస్తువుల సాయంతో సంభాషణ సాగించే ‘రెమినిసెన్స్ థెరపీ’కి ఆ ఆలోచనే పునాది అయింది.

ఆధారాలు ఏం చెబుతున్నాయి?

ఈ పద్ధతిపై జరిగిన 22 పరిశోధనలను కోక్రేన్ సంస్థ 2018లో సమీక్షించింది. వాటిలో పాల్గొన్నవారు దాదాపు రెండు వేల మంది. జీవన నాణ్యత, ఆలోచనా శక్తి, సంభాషణ, మనోస్థితి వంటి అంశాలలో కొంత మేలు కనిపించినా అది స్వల్పమేనని, అన్ని చోట్లా ఒకేలా లేదని సమీక్ష తేల్చింది. వ్యక్తిగతంగా చేసినప్పుడు ఆలోచనా శక్తి, మనోస్థితులలోను, బృందంగా చేసినప్పుడు సంభాషణలోను మేలు జరిగే అవకాశం ఉందని పేర్కొంది.

కుటుంబ సభ్యుల గొంతును, రూపాన్ని రికార్డు చేసి వారు లేని వేళ వినిపించే పద్ధతి మరొకటి ఉంది. 2017లో కోక్రేన్ సమీక్షకు దీనిపై దొరికినవి మూడు ప్రయోగాలే. వాటి ఆధారంగా ఏ నిర్ణయానికీ రాలేమని సమీక్షకులు నిర్మొహమాటంగా చెప్పారు.

మరో ఫలితం మన కుటుంబాలకు మరింత ముఖ్యం. రోగులను, వారిని చూసుకునే కుటుంబ సభ్యులను కలిపి బ్రిటన్‌లో నిర్వహించిన ‘రెమ్‌కేర్’ ప్రయోగం ఫలితాలు 2012లో వెలువడ్డాయి. 488 జంటలు పాల్గొన్న ఆ ప్రయోగంలో రోగులకు చెప్పుకోదగిన మేలు కనిపించలేదు. పైగా సంరక్షకులలో ఆందోళన పెరిగింది. మన ఇళ్లలో ఆ సంరక్షకులు ఎక్కువగా భార్య, కోడలు, కూతురు. వంట, మందులు, స్నానం, రాత్రి కాపలా అన్నీ మోస్తున్న ఆమెకు ‘రోజూ ఆల్బమ్ చూపించు’ అన్న సలహా మరో బరువుగా మారకూడదు. ఆ పని ఇంట్లో మిగిలినవారు, మనవలు, పొరుగువారు పంచుకోవలసినది.

అయితే ఇంత శ్రమ దేనికన్న ప్రశ్న వస్తుంది. చూసిన పది నిమిషాలకే మరిచిపోయేవారికి చూపించి ఏం ప్రయోజనం? దీనికి అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఒక సమాధానం చెప్పారు. అల్జీమర్స్ ఉన్న 17 మందికి విషాద, ఆనంద దృశ్యాలున్న సినిమా ముక్కలు చూపించారు. చూసినదేమిటో వారిలో చాలామందికి కాసేపటికే గుర్తులేదు. కానీ ఆ దృశ్యాలు కలిగించిన దుఃఖం, సంతోషం వారిలో ఆ తరువాత కూడా నిలిచే ఉన్నాయి. ఉదయం మనవరాలు పక్కన కూర్చుని నవ్వించిన సంగతి అమ్మమ్మ మరిచిపోవచ్చు. ఆ మనసు నెమ్మది మాత్రం కొంతసేపైనా ఉంటుంది. కసురుకున్న మాటకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

పరీక్ష వద్దు, పలకరింపు కావాలి

ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. ఫొటో చేతికిచ్చి, ‘ఇదెవరో చెప్పు చూద్దాం’ అని అడగడం. ప్రేమతో అడిగినా అది పరీక్షే. జవాబు తట్టని పెద్దవారికి సిగ్గు, భయం, కోపం కలుగుతాయి. తరువాత ఆల్బమ్ చూస్తేనే ముఖం తిప్పుకుంటారు. దానికి బదులు చెప్పవలసినది మనమే. ‘ఇది పెద్దన్నయ్య పెళ్లి, అమ్మా. విజయనగరంలో జరిగింది. నువ్వు ఎర్ర పట్టుచీర కట్టుకున్నావు’ అని మొదలుపెట్టి ఆగాలి. ఆమె అందుకుంటే వినాలి. తప్పు చెబితే దిద్దకూడదు. అందుకోకపోతే పేజీ తిప్పాలి.

ఫొటోల సంఖ్య తక్కువగా ఉండాలి. ఎనిమిదో పదో చాలు. గుంపు ఫొటోలలో ముఖాలు పోల్చుకోవడం కష్టం కనుక ఒకరిద్దరున్న ఫొటోలను పెద్దవిగా, మెరుపు లేని కాగితం మీద ముద్రించుకుంటే మేలు. కింద పెద్ద అక్షరాలతో పేరు, వరస, ఊరు రాయాలి. వీడియో అయితే రెండు మూడు నిమిషాలకు మించకుండా, వెనుక సంగీతం, సందడి లేకుండా ఉండాలి. దూరాన ఉన్న కొడుకు మాట్లాడితే ముందుగా తన పేరు, వరస చెప్పాలి. సాయంత్రం వేళ కలవరం పెరిగేవారికి ఉదయాన్నే చూపడం మంచిది.

చెవుల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఏళ్ల తరబడి యంత్రాల హోరులో పనిచేసినవారికి వినికిడి తగ్గే ప్రమాదం ఎక్కువ. డిమెన్షియాకు దారితీసే, మనం అదుపు చేయగల 14 కారణాలను లాన్సెట్ కమిషన్ 2024లో గుర్తించింది. వాటిలో వినికిడి లోపం, సరిచేయని చూపు లోపం రెండూ ఉన్నాయి. వినికిడి యంత్రం, కళ్లజోడు సరిచూడకుండా వీడియో చూపించి ‘నాన్న స్పందించడం లేదు’ అనుకోవడం న్యాయం కాదు.

మరణించినవారి ఫొటోల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. భర్త చనిపోయిన సంగతి మరిచిన తల్లికి ప్రతిసారీ ఆ వార్త చెప్పడమంటే ప్రతిసారీ కొత్తగా వైధవ్యం అనుభవింపజేయడమే. ఆమె అడిగితే ఆయన గురించి మాట్లాడాలి. ఆయనకు ఇష్టమైన కూర, ఆయన కోపం, ఆయన సైకిల్ గుర్తుచేయాలి. కన్నీళ్లు ఆగకపోతే ఆ ఫొటోను కొంతకాలం పక్కన పెట్టాలి. పాత ఫొటోలోని ముఖాలను కదిలించే ‘డీప్ నోస్టాల్జియా’ వంటి సాంకేతికత 2021లోనే వచ్చింది. నేడు కృత్రిమ మేధ చనిపోయినవారి గొంతును కూడా అనుకరిస్తోంది. నిజానికీ నీడకూ తేడా పోల్చుకోలేని స్థితిలో ఉన్నవారి ముందు అటువంటి బొమ్మను నిలపడం ఊరట కంటే అయోమయాన్నే పెంచవచ్చు. అన్నిటికీ మించి, వృద్ధుల తడబాటును వీడియో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులకు పంపడం వారి గౌరవానికి భంగం. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇంటి అవసరాలకు జరిగే వినియోగానికి వర్తించదు. కాబట్టి అక్కడ హద్దు గీయవలసింది కుటుంబ మర్యాదే.

భాష అనే తలుపు

ప్రవాస తెలుగు కుటుంబాలకు ఇందులో మరో ముడి ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని, అక్షరజ్ఞానం లేనివారిలోనూ ఈ తేడా ఉందని ఆ అధ్యయనం తెలిపింది. ఇంట తెలుగు, కర్మాగారంలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ మాట్లాడిన భిలాయి తరానికి ఇది ఊరటనిచ్చే విషయం.

కానీ వ్యాధి ముదిరినప్పుడు తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోయి, తల్లి ఒడిలో నేర్చిన మాట మిగలడం చాలామందిలో కనిపిస్తుంది. సెక్టర్ 6లోని ఒక క్వార్టర్‌ను ఊహించుకోండి. వీధిలో జామా మసీదు బాంగు, గురుద్వారా కీర్తన, కాళీబాడీ పూజల చప్పుడు వింటూ యాభై ఏళ్లు గడిపిన వృద్ధురాలు ఇప్పుడు ‘అప్ప’ ఏదని అడుగుతోంది. ఉత్తరాంధ్రలో అప్ప అంటే అక్క. హిందీ మాధ్యమంలో చదివిన మనవడికి ఆ మాట తెలియదు. సాయానికి వచ్చే మనిషికి ‘దప్పికేస్తోంది’ అంటే అర్థం కాదు. చేతిలో ఫొటో ఉన్నా తలుపు తెరుచుకోదు.

దీనికి పరిష్కారం ఖరీదైనది కాదు. అప్ప, బావ, దప్పిక, నొప్పి, భయం వంటి ముప్పై నలభై మాటలను దేవనాగరి లిపిలో అర్థంతో సహా రాసి గోడకు అంటించవచ్చు. ఇంట్లోని పెద్దవారు ఆల్బమ్ కథలను తెలుగులోనే చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టవచ్చు. తెలుగు సంఘాలు, ఆలయ సమితులు నెలకొక మధ్యాహ్నం సభ్యులను సమకూర్చి, తెలుగు మాట్లాడే పొరుగువారిని అటువంటి ఇళ్లకు పంపవచ్చు. గంటసేపు ఇంటి ఇల్లాలికి విశ్రాంతి దొరకడం కూడా సేవే.

సంస్థల బాధ్యత

కంపెనీ క్వార్టర్‌లో జీవితమంతా గడిపిన కార్మికుడు పదవీ విరమణ తరువాత, లీజు వంటి ఏర్పాటు లేకపోతే, ఇల్లు ఖాళీ చేయవలసిందే. తెలిసిన వీధి, తెలిసిన గుమ్మం చేజారిన తరువాత ‘ఇంటికి వెళ్దాం’ అనే మాటకు అర్థం ఏమిటో కుటుంబానికి తెలియాలి. ఖాళీ చేసే ముందు గేటు, జామచెట్టు, వంటగది కిటికీ, బజారుకు వెళ్లే దారి వీడియో తీసి ఉంచితే రేపు అది పనికివస్తుంది. కర్మాగారం వద్ద ఉన్న పాత చిత్రాలను, ప్రభుత్వ సంస్థల వద్ద ఉన్న ఆనాటి వార్తాచిత్రాలను వృద్ధుల కోసం సులభంగా చూడగలిగేలా అందించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. బీబీసీ తన భాండాగారంలోని దృశ్య, శ్రవణ ఖండికలతో డిమెన్షియా ఉన్నవారి కోసమే 2016లో ‘రెమార్క్’ అనే వేదికను రూపొందించింది. దశాబ్దాల తెలుగు ప్రసారాలను భద్రపరచుకున్న మన ప్రజా ప్రసార వ్యవస్థ కూడా ఈ దిశగా ఆలోచించవచ్చు. ఒక భక్తిరంజని గీతం, ఒక బాలానందం ఖండిక ఎవరి మనసులో ఏ తలుపు తడుతుందో ముందుగా చెప్పలేం.

విధానపరంగా చూస్తే, డిమెన్షియాపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఆమోదించిన కార్యాచరణ ప్రణాళిక గడువును సభ్యదేశాలు 2025 మే నెలలో 2031 వరకు పొడిగించాయి. నిర్దేశిత లక్ష్యాలు నెరవేరకపోవడమే అందుకు కారణం. కేరళ 2014లోనే ‘స్మృతిపథం’ పేరుతో ప్రత్యేక కార్యక్రమం చేపట్టింది. డెబ్బై ఏళ్లు నిండినవారందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఏటా ఐదు లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స సౌకర్యం 2024 అక్టోబరు నుంచి అందుతోంది. కానీ డిమెన్షియా సంరక్షణలో అధిక భాగం ఆసుపత్రి పడక మీద కాదు, ఇంట్లో జరుగుతుంది. పగటిపూట సంరక్షణ కేంద్రాలు, సంరక్షకులకు శిక్షణ, విరామం ఇచ్చే ఏర్పాట్లు లేనంతవరకు ఆ భారం ఇంటి ఆడవారి మీదే ఉంటుంది. వయోవృద్ధుల సహాయ వాణి 14567, మానసిక ఆరోగ్య సలహాల కోసం టెలిమానస్ 14416 ప్రస్తుతానికి అందుబాటులో ఉన్న ఆసరాలు.

చివరగా, కాలం మనకోసం ఆగదు. వీహెచ్‌ఎస్ వీడియో ప్లేయర్ల తయారీని చివరి సంస్థ 2016లోనే నిలిపివేసింది. అయస్కాంత టేపుల మీది రికార్డులు చేజారిపోతున్నాయని, వాటిని చదివే యంత్రాలు కనుమరుగవుతున్నాయని యునెస్కో చొరవతో 2019లో హెచ్చరిక వెలువడింది. అటక మీది పెళ్లి క్యాసెట్‌ను డిజిటల్ రూపంలోకి మార్చే పనిని వాయిదా వేసేకొద్దీ అది అసాధ్యానికి దగ్గరవుతుంది. టేపు కంటే ముందుగా చెరిగిపోతున్నది మరొకటి ఉంది. నలుపు తెలుపు ఫొటోలో మూడో వరసలో నిలబడిన మనిషి ఎవరో తెలిసినవారు ప్రతి కుటుంబంలోనూ ఒకరిద్దరే మిగిలారు.

ఈ ఆదివారం ఆల్బమ్ కిందికి దించి, మెత్తని పెన్సిల్‌తో ప్రతి ఫొటో వెనుక పేరు, వరస, ఊరు, ఏడు రాయించుకోవడం ఏ పథకం కోసమూ ఆగనవసరం లేని పని. మతి చక్కగా ఉన్న పెద్దవారితో కూర్చుని చేస్తే అదొక సంతోషకరమైన మధ్యాహ్నం. రేపు వారికే జ్ఞాపకం తడబడితే, వారి మాటను వారికే తిరిగి వినిపించగల ఆధారం అదే అవుతుంది.